ఇంటి పద్దు - పిల్లికి షుగరు మిషను

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు సాధారణంగా మూడు రకాలు. డిపాజిట్టు వడ్డీ మీద పన్ను పట్టుకుంటారా అని కొందరు, లాకరుకి నామినీగా కోడల్ని పెట్టవచ్చునా అని కొందరు, పిల్లవాడి చదువుకి అప్పు ఎక్కడ తీసుకోవాలి అని కొందరు. ఈసారి షోలాపూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ మూడు పద్దుల్లోకీ రాలేదు. వారింట్లో తొమ్మిదేళ్ళ గండుపిల్లి ఉంది. దానికి షుగరు వ్యాధి అని పోయిన నెలలో పశువుల డాక్టరు తేల్చారు. రోజుకి రెండు పూటలా ఇన్సులిన్ వేస్తున్నారు. ఇంట్లోనే రక్తం చూసుకుంటూ ఉండమని డాక్టరుగారి సలహా. మందుల షాపులో మనుషులకి అమ్మే మిషను వెయ్యి రూపాయలకి కాస్త అటూ ఇటూగా దొరుకుతోంది. జంతువులకని ప్రత్యేకంగా చేసినది పై దేశం నుంచి తెప్పించుకోవాలి, దాని ధర వింటేనే గుండె దడ. "లెక్కలు తెలిసిన వారు, ఏది కొనమంటారు?" అని ప్రశ్న.

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో ఇతరుల డబ్బు లెక్కపెడుతున్నవాణ్ణి. అయినా ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకూ కొంత అర్హత ఉందనే అనుకుంటున్నాను. ఎందుకంటే, బరంపురంలో మా అక్కయ్య ఇంట్లో బొబ్బట్టు ఉన్నాడు.

బొబ్బట్టు పదకొండేళ్ళ గండుపిల్లి. మంచి రోజుల్లో ఏడు కిలోలు తూగేవాడు. "పేరే బొబ్బట్టు అని పెట్టుకున్నాక షుగరు రాక ఏమవుతుందండీ!" అని వీధిలో వాళ్ళ హాస్యం. రెండేళ్ళ క్రితం గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగడం, ఇసుక తొట్టెని చెరువు చెయ్యడం, ఎంత తిన్నా చిక్కిపోవడం మొదలయింది. చివరికి వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి కుందేలులా నడిచే స్థితికి వచ్చాడు. అది కీళ్ళ నొప్పి అనుకుంది అక్కయ్య. కాదు, షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు పిల్లి అలాగే నడుస్తుందట. మీ ఇంట్లో ముసలి పిల్లి ఏదైనా అలా నడుస్తూంటే నూనె రాస్తూ కూర్చోకండి.

పిల్లులకి వచ్చే షుగరు చాలావరకు మన పెద్దవాళ్ళకి వచ్చే రకమే. వయసు మళ్ళి, బరువు పెరిగి, ఆపరేషను చేయించిన మగ పిల్లులకి ఎక్కువ. స్టీరాయిడు మందులు ఎక్కువకాలం వాడినా రావచ్చు. మనలాంటి ఇళ్ళలో పెరుగన్నం పెట్టి పెంచుతాం కనుక ఇంకొక మాట కూడా చెప్పాలి. పిల్లి మాంసాహారి. యజమాని నిష్ఠ దానికి అంటదు. దాని ఒంటికి పిండిపదార్థం అంతగా అక్కర్లేదు. షుగరు వచ్చాక డాక్టర్లు మొట్టమొదట అన్నం, బిస్కెట్లు తగ్గించి మాంసకృత్తులు పెంచమంటారు. అక్కయ్య ఇంట్లో ఈ ఒక్క కారణం చేత చేప ప్రవేశించింది. పెరట్లోనే, వేరే గిన్నెలో.

మనకీ పిల్లికీ ఒక పెద్ద తేడా ఉంది. మిషను సంగతంతా ఆ తేడాలోనే ఉంది. మొదటి కొద్ది నెలల్లో ఇన్సులిన్, తిండీ సరిగ్గా కుదిరితే కొన్ని పిల్లులకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. పాంక్రియాస్ గ్రంథి మళ్ళీ పని అందుకుంటుంది. సంతోషమే. కాని అది ఏ రోజు అందుకుంటుందో ముందుగా నోటీసు ఇవ్వదు. పోయిన నెల సరిపోయిన డోసు ఈ నెల ఎక్కువయి కూర్చుంటుంది. షుగరు పెరిగిందనుకోండి, నీళ్ళ గిన్నె చూస్తే రెండు రోజుల్లో మనకే తెలుస్తుంది. తగ్గిందనుకోండి, అంత వ్యవధి ఉండదు. తూలడం, వణకడం, ఫిట్సు, ఆ తర్వాత ప్రాణం. కాబట్టి మిషను కొనేది షుగరు ఎంత ఎక్కువుందో చూసుకుని దిగులు పడడానికి కాదు, తక్కువ అవుతోందని ముందుగా పసిగట్టడానికి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఏది కొనాలో సగం తేలిపోయినట్టే.

"ఆసుపత్రిలో చూపిస్తే చాలదా?" అని అడుగుతారు. చాలదు. బుట్టలో పెట్టి, ఆటో ఎక్కించి, కుక్కలు మొరిగే చోట బల్లమీద కూర్చోబెట్టేసరికి పిల్లికి భయంతోనే షుగరు పెరుగుతుంది. ఏ జబ్బూ లేని పిల్లికి కూడా అప్పుడు 200 దాటవచ్చు, ఒక్కోసారి 300 కూడా. ఫ్రక్టోజమిన్ అని ఒక లాబొరేటరీ పరీక్ష ఉంది. అది గత ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది. జబ్బు ఉందా లేదా తేల్చడానికి మంచిదే. కాని సగటు అనేది బ్యాంకులో మంత్లీ యావరేజి బాలెన్సు లాంటిది, ఈ ఉదయం చెక్కు పాసవుతుందా లేదా అన్నది చెప్పదు. మూత్రంలో ముంచే స్ట్రిప్పులు చవకే. అయితే రక్తంలో సుమారు 250 దాటితే గాని పిల్లి మూత్రంలోకి చక్కెర దిగదు. స్ట్రిప్పు రంగు మారలేదంటే షుగరు 200 ఉండవచ్చు, 40 ఉండవచ్చు. మనకి భయమున్న వైపే అది గుడ్డిది.

ఇక రెండు మిషన్ల పంచాయితీ. మనుషుల మిషను పిల్లికి ఎందుకు సరిగ్గా చూపించదు? రక్తంలో నీరులాంటి భాగం ఒకటి, ఎర్ర కణాలు ఒకటి. చక్కెర ఈ రెండింటిలోనూ పంచుకుని ఉంటుంది. మనుషుల్లో నూటికి 58 వంతులు నీటి భాగంలో, 42 వంతులు కణాల్లో. పిల్లుల్లో 93 వంతులు నీటి భాగంలోనే, కణాల్లో 7 మాత్రమే. కుక్కలు సుమారు 87, 13. మందుల షాపులో దొరికే మిషను మొత్తం రక్తపు చుక్కని తాకి, లోపల మనిషి లెక్క వేసుకుని జవాబు చెబుతుంది. పిల్లి రక్తానికి మనిషి లెక్క వేస్తే జవాబు మామూలుగా ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. జంతువుల మిషన్లలో, ఉదాహరణకి జోయెటిస్ కంపెనీ ఆల్ఫాట్రాక్‌లో, పిల్లి లెక్క, కుక్క లెక్క విడివిడిగా పెట్టారు. అమెరికా జంతు ఆసుపత్రుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు జంతువులకని చేసిన మిషనే మేలంటాయి. అందులో తప్పేమీ లేదు. వారి ఊళ్ళో దాని స్ట్రిప్పులు దొరుకుతాయి.

మా మేనల్లుడు ఆస్ట్రేలియా నుంచి వస్తూ అలాంటి మిషను ఒకటి, రెండు డబ్బాల స్ట్రిప్పులతో తెచ్చి ఇచ్చాడు. మొదటి ఉదయమే అక్కయ్య ఫోను చేసింది. "ఒరేయ్, బొబ్బట్టుకి షుగరు పదకొండుకి పడిపోయిందిరా!" పడిపోలేదు. ఆ దేశంలో కొలత వేరు. మనం డెసిలీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అంటాం, వారు లీటరుకి ఇన్ని మిల్లీమోళ్ళు అంటారు. 18 పెట్టి గుణిస్తే మన అంకె వస్తుంది. 11.4 అంటే 205 అన్నమాట. విదేశీ మారకం లాంటిదే, రేటు మాత్రం ఎప్పుడూ మారదు. పిల్లలు బయటి దేశాల నుంచి మిషను తెస్తామంటే మన కొలత చూపించేదే తెమ్మనండి. మార్చుకునే వీలు లేని మిషనయితే 18వ ఎక్కం కాగితం మీద రాసి గోడకి అంటించండి. తెల్లవారుజామున కంగారులో గుణకారాలు తప్పుతాయి.

మూడో నెలలో ఆ స్ట్రిప్పులు అడుగంటాయి. కొత్తవి రావడానికి ఎవరో ఒకరు ప్రయాణం కట్టాలి. అప్పుడు నేను చెప్పిన ప్రకారం అక్కయ్య మిగిలిన నాలుగు స్ట్రిప్పుల్నీ వేరువేరు వేళలకి దాచి, ఊళ్ళో కొన్న మనుషుల మిషనుతో పక్కపక్కన చూసింది, ఒకే చెవి, ఒకే చుక్క. విదేశీ మిషను మన లెక్కలో 320 అన్నప్పుడు ఊళ్ళో మిషను 241 అంది. 205కి 158. 130కి 104. 92కి 78. ఈ అంకెలు బొబ్బట్టువి, ఆ రెండు మిషన్లవి. మీ పిల్లికి, మీ మిషనుకి ఇవే వస్తాయనుకోవద్దు. తేడా ఎలా నడిచిందో చూడండి. పైన 79 పాయింట్లు, కింద 14. అంటే "ఇంత కలుపుకుంటే సరి" అనే సూత్రం ఏదీ లేదు. ఎవరైనా మీకు అలాంటి సూత్రం చెబితే వినేసి ఊరుకోండి.

కామర్స్ చదివినవారికి రెండు సంప్రదాయాలు గుర్తుంటాయి. ఒకటి కన్సిస్టెన్సీ: ఏ పద్ధతిలో లెక్క రాస్తున్నావో ఏటేటా అదే పద్ధతిలో రాయి, మధ్యలో మార్చకు. మారిస్తే లాభం పెరిగిందో, పద్ధతి మారిందో ఎవడికీ తెలియదు. రెండోది కన్సర్వేటిజం: రాబోయే లాభాన్ని ముందే రాసుకోకు, రాబోయే నష్టానికి మాత్రం ముందే కేటాయించు. మనుషుల మిషను తక్కువ చూపిస్తుందంటే అది తప్పు మిషను కాదు, కన్సర్వేటివ్ అకౌంటెంటు. ఉన్న ఆస్తిని కాస్త తగ్గించి చూపిస్తాడు. ప్రమాదం తక్కువ వైపునే ఉన్నప్పుడు ఇలాంటివాడే మనకి కావాలి. దీనికి విరుద్ధంగా, జంతువుల మిషన్లో కుక్క గుర్తుని పిల్లికి నొక్కారనుకోండి, లేదా పాత మోడళ్ళలో డబ్బా మీది అంకెల్లో కుక్కది ఎక్కించారనుకోండి, అంకె ఎటు తప్పుతుందో తెలియదు. ఖరీదైనది కదా అని దాని మాట నమ్మేస్తాం. అదీ ప్రమాదం.

పోయిన ఏడాది కార్తీకంలో ఒక ఉదయం ఆరు గంటలకి అక్కయ్య ఫోను. ఇంజెక్షను వెయ్యబోయే ముందు చూస్తే ఊళ్ళో మిషను 64 చూపించింది. ముందురోజు 140లు. పశువుల డాక్టరు ఫోను ఎత్తడం లేదు. ఆస్ట్రేలియాలో అప్పటికి పొద్దెక్కింది కనుక అబ్బాయి దొరికాడు. వాడన్నాడట, "అమ్మా, మనుషుల మిషను ఎలాగూ తక్కువే చూపిస్తుంది. అసలు 75, 80 ఉంటుంది. అది మామూలే. వేసెయ్యి" అని. వాడి గుణకారంలో తప్పు లేదు. "80 అనుకుందాం అక్కా, ఇన్సులిన్ వేశాక ఎంతవుతుంది?" అన్నాను. అక్కయ్య మాట్లాడలేదు. ఇంజెక్షను వెయ్యకముందే 80 ఉన్న పిల్లికి వేసిన ప్రతి యూనిట్టూ కిందికే తోస్తుంది. ఒక పూట ఇన్సులిన్ తప్పినా సర్దుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి తీసుకోలేం అని డాక్టర్లే చెబుతారు. తిండి పెట్టమన్నాను, రెండు గంటల తర్వాత మళ్ళీ చూడమన్నాను. తొమ్మిదింటికి డాక్టరుగారు దొరికి ఆ పూట మానేయమని చెప్పారు, సాయంత్రం 112 చూసి డోసు సగానికి తగ్గించారు. నెల తిరిగేలోగా ఇన్సులిన్ పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు వారానికోసారి చెవి అప్పగించడమే బొబ్బట్టు పని. మళ్ళీ రావచ్చునట, అందుకని మిషను మాత్రం అటకెక్కలేదు.

ఖర్చు సంగతికి వద్దాం. మిషను పెట్టుబడి ఖర్చు, స్ట్రిప్పు రోజువారీ ఖర్చు. అందరూ మొదటిది బేరమాడి రెండోదాంట్లో మునుగుతారు. లెక్క వేసి చూడండి. రెండు పూటలా ఇంజెక్షనుకి ముందు ఒక్కొక్కటి చొప్పున నెలకి 60. నెలకోసారి పన్నెండు గంటలపాటు రెండేసి గంటలకి చూసి డాక్టరుకి గీత గీసి ఇవ్వాలంటే మొత్తం ఏడు పరీక్షలు, అందులో మొదటిదీ చివరిదీ ఎలాగూ చేసేవే కనుక అదనం అయిదు. పిల్లి తల విదిలించి పాడుచేసేవి ఒక పది. వెరసి 75. స్ట్రిప్పు 20 రూపాయలనుకుంటే నెలకి 1,500, ఏడాదికి 18,000. పై దేశపు స్ట్రిప్పు అన్ని ఖర్చులతో 100 పడిందనుకుంటే నెలకి 7,500, ఏడాదికి 90,000. ఇవి లెక్కకోసం అనుకున్న ధరలు, మీ ఊరి ధర వేసుకోండి. స్ట్రిప్పు ఖరీదయితే మనిషి ఏం చేస్తాడు? పొదుపు చేస్తాడు. రెండు పూటలది ఒక పూట, ఒక పూటది రోజు మార్చి రోజు. నెలకి పదిహేను సార్లు నిక్కచ్చిగా చూసేదానికంటే అరవై సార్లు కాస్త తక్కువగా చూపించేది ఆ పిల్లికి ఎక్కువ రక్షణ. నా అభిప్రాయం ఇది. డబ్బుకి లోటు లేనివారు, స్ట్రిప్పులు ఎడతెగకుండా తెప్పించుకోగలవారు జంతువుల మిషనే కొనుక్కోండి, శుభం. కాని మూడు నెలలు అదీ, రెండు నెలలు ఇదీ వద్దు.

షాపులో ఏం చూడాలి? మొదట ఆ షాపువాడు ఆ స్ట్రిప్పులు ఎప్పుడూ పెడతాడా అని. తర్వాత చుక్క పరిమాణం. మిషన్ని బట్టి మైక్రోలీటరులో మూడో వంతు నుంచి ఒక మైక్రోలీటరు దాకా అడుగుతాయి. పిల్లి చెవి ఇచ్చేది ఆవగింజంత. కనుక 0.6 లేదా అంతకన్నా తక్కువ అడిగేది తీసుకోండి. మొదటి చుక్క చాలకపోతే రెండో చుక్క పెట్టనిచ్చే మిషన్లు కొన్ని ఉన్నాయి, స్ట్రిప్పులు ఆదా అవుతాయి. కుయ్ కుయ్ అనే శబ్దం ఆపేసే వీలుందా చూడండి. బొబ్బట్టు ఆ కూత వినగానే మంచం కిందికి పోయేవాడు. అంకెలు పెద్దవిగా ఉండాలి, చూసేది అరవై దాటిన కళ్ళు. డబ్బా మూత తీశాక ఎన్నాళ్ళు వాడవచ్చో కూడా చదవండి. కొన్నిటికి మూడు నెలలే, కొన్నిటికి పైన వేసిన తేదీ దాకా. స్ట్రిప్పులకి చెమ్మ పడదు. మా బరంపురం, యానాం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో స్ట్రిప్పు తీసిన వెంటనే మూత బిగించాలి. ఎండలూ అంతే. చాలా డబ్బాల మీద 30 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది, షోలాపూరు మే నెల సంగతి ఆ సోదరికి నేను చెప్పాలా? అలాగని ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

ఇంకొక మాట. మనుషుల మిషన్లకి ఐ.ఎస్.ఓ. 15197 అని 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం నూటికి 95 సార్లు, 100 లోపు అంకెకి 15 పాయింట్లు అటూ ఇటూ, 100 దాటితే నూటికి 15 వంతులు అటూ ఇటూ ఉండవచ్చు. మనుషులకే ఇంత వెసులుబాటు. కాబట్టి 142 తర్వాత వెంటనే 158 వస్తే అది పెరగడం కాదు. ఒక్క అంకె చూసి డోసు మార్చడం ఎవరికీ తగదు. పిల్లికి రక్తం తక్కువున్నా అంకె తారుమారవుతుంది, చాలా మిషన్లు అప్పుడు ఎక్కువ చూపిస్తాయి. కన్సర్వేటివ్ అకౌంటెంటు కూడా అప్పుడు నమ్మదగినవాడు కాడు. కిడ్నీ జబ్బు ఉన్న ముసలి పిల్లుల విషయంలో ఇది డాక్టర్ని అడగాలి.

మిషను వంకర ఎంతో తెలుసుకునే మార్గం ఒకటుంది. ఆసుపత్రిలో పరీక్షకని నరం నుంచి రక్తం తీసినప్పుడు, ట్యూబులో పొయ్యకముందే ఒక చుక్క మీ స్ట్రిప్పుకి ఇవ్వమని అడగండి. మిగతాది లాబొరేటరీకి. ట్యూబు బూడిద రంగు మూతదై ఉండాలి. అందులో ఫ్లోరైడు ఉంటుంది. అది లేకపోతే దారిలో కణాలు చక్కెరని తినేసి లాబొరేటరీ అంకె పడిపోతుంది. మన మిషన్ని అన్యాయంగా తిడతాం. రెండు అంకెలూ పుస్తకంలో రాసి పెట్టండి. ఏడాదికి రెండు మూడుసార్లు ఇలా చేస్తే అది మీ బ్యాంకు రికన్సిలియేషను.

చెవి గురించి. అంచు వెంబడే సన్నని నరం కనిపిస్తుంది, దాని పక్కన గుచ్చాలి. పాత మేజోడులో గుప్పెడు బియ్యం పోసి వేడిచేసి, మన చేతికి ఓర్చుకోదగ్గ వెచ్చదనంతో చెవికి కాసేపు ఆనిస్తే రక్తం దిగుతుంది. కొంచెం వాజలైన్ పూస్తే చుక్క వెంట్రుకల్లోకి పాకిపోకుండా గుండ్రంగా నిలుస్తుంది. స్పిరిట్ రాయకూడదు, మంట పుడుతుంది, అంకె చెడుతుంది. చక్కెర డబ్బా ముట్టుకున్న చేత్తో అసలే వద్దు. గుచ్చే పెన్ను చప్పుడుకి పిల్లి బెదిరితే సూదినే చేత్తో పట్టుకుని గుచ్చవచ్చు. తర్వాత దూదితో అరనిమిషం అదిమి, ఒక చేపముక్క. పది రోజుల్లో బొబ్బట్టు తానే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు, చెవి కోసం కాదు, చేపముక్క కోసం. ఇంట్లో తేనెగాని గ్లూకోజు పొడిగాని ఎప్పుడూ ఉండాలి. పిల్లి తూలుతూంటే చిగుళ్ళకి రాసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. స్పృహ లేనప్పుడు నోట్లో పొయ్యకూడదు.

ఇంట్లో మనుషులకీ షుగరుంటే మిషన్లు రెండు ఉండాలి. అక్కయ్యకీ ఉంది. మొదట్లో పొదుపనుకుని ఇద్దరికీ ఒకటే వాడింది, సూదులు వేరనుకోండి. ఆవిడ డాక్టరు మిషను జ్ఞాపకంలోని అంకెలు తిప్పి చూస్తూ, 412 దగ్గర ఆగి, "అమ్మా, ఈ ఆదివారం ఏం తిన్నారు?" అన్నారట. మందు మార్చే చీటీ రాయబోతూంటే ఆవిడకి అప్పుడు తట్టింది, అది బొబ్బట్టు అంకె అని.

చర్మానికి అంటించే సెన్సర్లు, ఫ్రీస్టైల్ లిబ్రే వంటివి, మనుషులవే పిల్లులకీ వాడుతున్నారు. మెడ పక్కన బొచ్చు తీసి అంటిస్తారు. మనుషులకి 14 రోజులు, పిల్లి తరచు అంతకుముందే ఊడబెరుకుతుంది. అది చూసేది రక్తం కాదు, కణజాలపు నీరు. కనుక షుగరు వేగంగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడి చెబుతుంది. చెవి బొత్తిగా ముట్టుకోనివ్వని పిల్లికి, లేదా డోసు కుదిరేదాకా ఒకటి రెండు సార్లకి బాగుంటుంది. అప్పుడు కూడా అనుమానపు అంకె వస్తే చెవి చుక్కతోనే సరిచూసుకోవాలి.

ఇన్సులిన్ కాకుండా నోటి మందులు కూడా వచ్చాయి. అమెరికాలో పిల్లుల కోసం బెక్సాగ్లిఫ్లోజిన్‌ని 2022 డిసెంబరులో, వెలాగ్లిఫ్లోజిన్‌ని 2023 ఆగస్టులో అనుమతించారు. ఇవి చక్కెరని మూత్రంలోకి పంపేస్తాయి. చిక్కేమిటంటే, మిషనులో అంకె చక్కగా ఉండగానే రక్తంలో కీటోనులు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మందు వాడేవారు షుగరు అంకె ఒక్కటీ చూసి నిశ్చింతగా ఉండకూడదు. కీటోను చూసే స్ట్రిప్పులు వేరే ఉంచుకోవాలి.

మిషనుకి సంబంధం లేకపోయినా సిరంజి మాట చెప్పకుండా ఉండలేను. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకి 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో అదే గీత దాకా లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. మిషను ఎంత మంచిదైనా దీన్నుంచి కాపాడలేదు.

షోలాపూరు సోదరికి నా జవాబు: మీ వీధి షాపులో స్ట్రిప్పులు నిలవుండే మనుషుల మిషనే కొనండి, చిన్న చుక్క చాలేది. ఏ మిషనో డాక్టరుగారికి చెప్పి, పుస్తకంలో ప్రతి అంకె పక్కనా దాని పేరు రాయండి. కొన్న నెలలోనే ఒకసారి లాబొరేటరీతో సరిచూసుకోండి. ఇంజెక్షనుకి ముందు ఏ అంకె కంటే తక్కువుంటే వెయ్యకూడదో డాక్టరుగారిచేత ఆ పుస్తకం మొదటి పేజీలో ఇప్పుడే రాయించుకోండి, ఆ మిషను అంకెలోనే. పెద్ద ఆసుపత్రి కావలసి వస్తే మీకు ముంబై పరేలు, తమిళనాడు వారికి చెన్నై వేపేరి, కర్ణాటక వారికి బెంగళూరు హెబ్బాళ, మా ఒడిశా వారికి భువనేశ్వరు వెటర్నరీ కాలేజి ఉన్నాయి. వెళ్ళేటప్పుడు మిషను, స్ట్రిప్పులు, పుస్తకం మూడూ పిల్లి బుట్టలోనే పెట్టుకోండి.

లాకరు నామినేషను గురించి అడిగిన వారికి వచ్చే సంచికలో జవాబు.